ఉతాని కింద తీసుకున్న చేను

లామెకు సెన్యాగ్వా పోయిన రోజున, శవం ఇంకా ఇంట్లో ఉండగానే, నేను వెళ్ళి అతని మంచం మీద కాళ్ళు బారజాపుకుని పడుకున్నాను. పడుకుని అచ్చం అతనిలాగే దగ్గాను. రెండు పొడి దగ్గులు, ఒక తడి దగ్గు. ఆ తర్వాత "ఆఁ... ఏడు పడ్డాయే ఇవాళ!" అన్నాను అతని గొంతుతో. అప్పటిదాకా గుండెలు బాదుకుంటున్న అతని కూతురు యుదిత పక్కున నవ్వేసింది. దాన్ని చూసి మిగతావాళ్ళూ నవ్వారు.

తప్పుపట్టకండి. అది నా పని. నేను గోగో దాన్ని, అతను కగురు. మా రెండు జాతుల మధ్య తాతముత్తాతల నాటి నుంచీ ఉతాని ఉంది. వరసైన బావామరదళ్ళ మధ్య వేళాకోళం నడుస్తుంది చూడండి, అలాంటిదే. కాకపోతే మనిషికీ మనిషికీ కాదు, జాతికీ జాతికీ. ఉతానివాళ్ళు ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. ఒకరింటి కోడిని ఇంకొకరు చంకన పెట్టుకుపోవచ్చు, తిరిగి అడగకూడదు. చావింట్లో అయితే మాదే పెత్తనం. ఏడ్చేవాళ్ళని నవ్వించాలి, పోయినవాణ్ణి వెక్కిరించాలి, పోతూ పోతూ ఆ ఇంట్లోంచి మనసుపడ్డ వస్తువు ఒకటి పట్టుకుపోవాలి.

లామెకు ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక జెముడు కంచె, అంతే. నేను కోడలిగా ఆ ఊరు వచ్చిన మొదటిరోజే కంచె అవతల నుంచి అన్నాడు, "ఏమే గోగోదానా, చెయ్యి చాచడానికి మా ఊరే దొరికిందా?" అని. మా గోగోలు అడుక్కుతింటారని వాళ్ళ ఎగతాళి. నేను ఊరుకుంటానా? "మీ కగురోళ్ళ చిలగడదుంపలు ఎవరడిగార్రా ముసలోడా, కొండ దిగొచ్చి నాలుగు రోజులైందో లేదో!" అన్నాను. అప్పటికి అతను ముసలోడేం కాదు, నలభై దాటాయేమో. మా ఆయన యోనా ముక్కున వేలేసుకున్నాడు. నా కోపం ముక్కు మీద ఉంటుందని అతనికి ఆ పూటే తెలిసింది.

అంతకుముందు లామెకు సహకార సంఘం గోదాములో తూకం గుమాస్తా. సంఘం మూతపడ్డాక ఒక గుడ్డ టోపీ, సగం డబ్బా సుద్దముక్కలు, లెక్కపెట్టే పిచ్చి మాత్రం వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. పొద్దుతిరుగుడు వేసుకుని, రెండు మేకల్ని పెట్టుకుని బతికాడు. ఒకసారి పరిశోధనా కేంద్రం నుంచి ఒకావిడ వచ్చి ఊరి సభలో అడిగింది, రోజూ పొద్దున్నే ఒక బకెట్టులో పడ్డ రెక్కపురుగుల్ని లెక్కపెట్టి రాసేవాళ్ళు ఎవరైనా కావాలని. జీతం లేదనేసరికి అందరూ నేల చూపులు చూశారు. లామెకు మాత్రం చెయ్యెత్తాడు. లెక్క అంటే చాలు అతనికి, ఆకాశంలో మబ్బుల్నైనా లెక్కపెడతాడు.

ఆ బకెట్టు మా ఇళ్ళ వెనకే, ఊరి అంచున ఒక కర్రకి వేలాడేది. మూతలో చిన్న రబ్బరు ముక్క. దానికి ఆడ రెక్కపురుగు వాసన పట్టించి ఉంటుంది. ఆ వాసనకి మగవి వచ్చి లోపల పడతాయి. వారంలో ముప్పై దాటి, వాన కూడా పడిందంటే దండుపురుగు రాబోతున్నట్టు లెక్క. పెళ్ళాం లేదు, ముఖం లేదు, ఉత్త వాసనకే బకెట్టులో దూకి చచ్చే ఆ మగవాటిని చూస్తే నాకు ఒకటే నవ్వు. "మీ కగురు మగాళ్ళేరా అవన్నీ!" అనేదాన్ని. "కాదే, గోగో పిల్ల అనుకుని వచ్చుంటాయి, మ్లెండా జిగురు వాసన పట్టి," అనేవాడు. మ్లెండా మా ఆకుకూర. జిగురుగా ఉంటుంది, నిజమే. అయినా అతను ఎన్ని గిన్నెలు మా ఇంట్లో నాకి తిన్నాడో దేవుడికే తెలుసు.

రోజూ పొద్దున ఆరింటికి ఆ మూడు దగ్గులు, తర్వాత బకెట్టు మీద టకటక, ఆ తర్వాత మా ఎదుట ఊరి ఆఫీసు గోడ మీది నల్లబల్ల మీద సుద్ద కిర్రుమనడం. నా పిల్లలు ఆ చప్పుళ్ళకే లేచేవాళ్ళు.

అతని దగ్గర ఇంకో పిచ్చి ఉండేది. అదొక మట్టికుండ. ఏనాడో దండుపురుగు వచ్చినప్పుడు మసాయిల పశువులు మేసే గడ్డిలో అతను ఒక వింత చూశాడు. పురుగులు గడ్డి కొసకి ఎక్కి, వెనక కాళ్ళతో పట్టుకుని, తల కిందికి వేలాడేసి చచ్చి ఉన్నాయి. ముట్టుకుంటే చర్మం చిట్లి నల్లటి నీరు కారింది. పరిశోధనా కేంద్రం ఆవిడని అడిగితే, "అది పురుగులకొచ్చే రోగం. వాటికి తప్ప ఇంకెవరికీ అంటదు. ఆ నీళ్ళు నీడలో, చల్లగా దాచుకోండి, ఏళ్ళ తరబడి చావదు," అందట. ఇంకేం, లామెకు చచ్చిన పురుగుల్ని ఏరుకొచ్చి కుండలో వేసి, నీళ్ళకుండ కింది తడి ఇసుకలో పాతిపెట్టాడు. "పురుగుల గత్తర" అని పేరు పెట్టాడు దానికి. ఎవరింటికి వెళ్ళినా అదే కథ. ఊళ్ళోవాళ్ళు వినీ వినీ విసిగిపోయారు. గత్తర అన్న మాటే కొంప ముంచింది. గత్తర నీళ్ళు చల్లిన మొక్కజొన్న తింటే మనకీ గత్తర రాదా అని భయం.

యోనా చనిపోయిన రెండో ఏడు, తొలి వానలు పడ్డ నెలకి, ఒక్క పొద్దున లామెకు బకెట్టులో అరవై ఒక్కటి పడ్డాయి. నల్లబల్ల మీద అంకె వేసి, కింద "పురుగులు వస్తున్నాయి" అని రాశాడు. వారం తిరిగేసరికి మోకాలెత్తు మొక్కజొన్న మీద పచ్చటి దారప్పోగుల్లాంటి పిల్లపురుగులు. అవి నల్లబడి దండు కట్టాయంటే చేను నాలుగు రోజుల పని.

నాకున్నది ఎకరన్నర. ముగ్గురు పిల్లలు. గాదెలో నెలకి సరిపడా పిండి. ఆ చేను పోతే మళ్ళీ కోతల దాకా మొక్కజొన్న పిండి ఉగాలి ముద్ద అన్న మాట మర్చిపోవాల్సిందే. సర్కారు నుంచి రెండు డబ్బాల మందు, ఒక పంపు వచ్చాయి. చీట్లు వేస్తే నాకు మూడో రోజు వచ్చింది. సగం మందికి రాలేదు. ఆ చీటీని కొంగున ముడేసుకుని తిరిగాను.

లామెకు అప్పుడు గడపగడపకీ తిరిగాడు. "ఒక్క మడి ఇవ్వండి. నా నీళ్ళు చల్లి చూపిస్తా. పని చేస్తే మందు రానివాళ్ళకి అదే దిక్కు," అని. "నీ చేలోనే చల్లుకోరాదా?" అన్నారు. అతనిది పొద్దుతిరుగుడు. దండుపురుగు దాన్ని ముట్టదు. ఎవరూ ఇవ్వలేదు. కంచె దగ్గరికొచ్చి నన్నూ అడిగాడు. నేను పిండి జల్లించుకుంటూ, "నా చేనే పట్టుకుపో పోరా ముసలోడా! ఇన్నాళ్ళకి మీ కగురోళ్ళకీ అడుక్కోవడం వచ్చింది," అన్నాను. నోటికొచ్చింది అన్నాను. ఉతాని మాట కదా.

మూడో రోజు మధ్యాహ్నం వాగు ఇసుకలో చెలమ తోడి నీళ్ళు తెచ్చుకునేసరికి చేను దగ్గర పంపు లేదు. గట్టు మీద టోపీ పెట్టుకుని లామెకు కూర్చుని ఉన్నాడు.

"పంపువాళ్ళేరి?" అన్నాను.

"పంపించేశా."

"ఏంటీ?"

"ఈ చేను ఉతాని కింద నేను తీసుకున్నానని చెప్పా. ఊరి ఛైర్మన్ ఆథుమాని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. పంపు పక్క చేనుకి పోయింది. డబ్బా కూడా అయిపోయింది."

నీళ్ళబిందె నా చేతిలోంచి జారి పడింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అదిగో అది. అరికాలి మంట నెత్తికెక్కింది. మట్టిబెడ్డ తీసి విసిరాను, టోపీ ఎగిరిపోయింది. "నా పిల్లల నోట్లో మట్టి కొడతావురా! నీ కుండ పగల! ఊళ్ళో ఇంకెవరి చేనూ కనపడలేదా?"

"ఇంకెవరిదైనా అయితే ఛైర్మన్ దగ్గర తగువు పెడతారు. నువ్వు పెట్టలేవు. ఉతానివాళ్ళు తీసుకున్నది తిరిగి అడగకూడదు."

"పురుగులు తింటే?"

"తింటే నా పొద్దుతిరుగుడు నీదే పో."

"నీ పొద్దుతిరుగుడూ వద్దు, నువ్వూ వద్దు!"

ఎండలో ఆ రోగం చస్తుందట, పొద్దు వాలేదాకా ఆగాడు. కుండలోని నల్లటి నీళ్ళని పాత గుడ్డతో వడకట్టి, బకెట్టు నీళ్ళలో కలిపి, గడ్డిచీపురు ముంచి ప్రతి మొక్క మీదా చిలకరించాడు. కుళ్ళిన చేపల కంపు. నేను గట్టు మీద నుంచి తిడుతూనే ఉన్నాను. అంత ఇదిగా తిడుతుంటే వేలు బకెట్టులో ముంచి నాకి చూపించాడు. "చూడవే, నాకేమీ కాలేదు." "కగురోడి నోటికి ఏదైనా పడుతుంది!" అన్నాను.

మర్నాడు పురుగులు తింటున్నాయి. ఆ మర్నాడూ తింటున్నాయి. పక్క చేలో మందు కొట్టినవి గుట్టలుగా రాలిపోయాయి, నా చేలోవి బలుస్తున్నాయి. ఆ పొద్దున లేచి చూద్దును కదా, లామెకు మేకలు రెండూ నా గుమ్మం ముందు గుంజకి కట్టేసి ఉన్నాయి. "నా చేను పురుగులకీ, నా వాకిలి నీ మేకలకీనా!" అని తాడు విప్పి కంచె అవతలికి తోలేశాను. తాళ్ళు పట్టుకుని తోలుకుపోయాడు.

నాలుగో రోజుకి ఆకుల అంచులు రంపంతో కోసినట్టున్నాయి. నాకిక తిట్టే ఓపిక పోయింది. కంచె దగ్గరికెళ్ళి, "లామెకూ, నా పిల్లలు," అన్నాను. ముసలోడా అనలేదు, కగురోడా అనలేదు. అతనూ గోగోదానా అనలేదు. "రేపు పొద్దున చూడు దమారీ," అన్నాడు. చేతిలో సుద్దముక్క పొడిపొడి చేసి నేల మీద పోస్తున్నాడు. అప్పుడు నాకు ఇంకా భయం వేసింది.

అయిదో పొద్దున, దగ్గులు వినపడకముందే చేనుకి వెళ్ళాను. ప్రతి మొక్క కొసనా వేలాడుతున్నాయి. తల కిందికి, వెనక కాళ్ళతో పట్టుకుని, మెత్తగా, వడిలిపోయి. ఒకదాన్ని వేలితో తాకితే చిట్లి నల్లటి నీరు నా గోటి మీద పడింది. ఇంకో మొక్క చూశాను, ఇంకో సాలు చూశాను. కదిలే పురుగు లేదు. మొవ్వులు పచ్చగా ఉన్నాయి. అక్కడే కూర్చుని మట్టిని పిడికిళ్ళతో గుద్దుతూ ఏడ్చాను.

అప్పటికి సర్కారు మందు అయిపోయింది, పల్లం చేలలో రెండో విడత పిల్లపురుగులు లేచాయి. ఊళ్ళోవాళ్ళు ఆఫీసు ముందు చేరి ఏంచేద్దామా అని తలలు పట్టుకుని ఉన్నారు. నేను పరిగెత్తుకెళ్ళి, "లామెకు నీళ్ళు పనిచేశాయి! రండి, చచ్చిన పురుగుల్ని ఏరుకోండి!" అని అరిచాను.

అందరూ గొల్లుమన్నారు.

"భలే భలే!" అన్నాడు ఆథుమాని. "మొన్న అతను చేను లాక్కున్నాడు, ఇవాళ నువ్వు అతన్ని గొప్పోణ్ణి చేసి ఊరేగిస్తున్నావు. ఎవరు ఎవర్ని వెక్కిరిస్తున్నారమ్మా?"

"వెక్కిరింత కాదయ్యా! నా కళ్ళతో చూశాను!"

"గోగోది కగురోణ్ణి మెచ్చుకుంటోందంటే ఏదో కొంటెతనం ఉంది," అని ఇంకెవరో. మళ్ళీ నవ్వు. నెత్తీనోరూ కొట్టుకున్నా నమ్మరే! ఇరవై ఏళ్ళుగా అతని మీద నేను అన్న ప్రతి మాటా వేళాకోళమే అయితే, ఇవాళ్టి నిజానికి విలువేముంటుంది? చివరికి కిందికి వంగి గుప్పెడు మట్టి తీసుకుని, "నా మొగుడు యోనా సమాధి మీద ఒట్టు. ఈ ఒక్క పూట నేను లామెకుకి ఉతానిదాన్ని కాను," అన్నాను. నవ్వు ఆగింది. ఆథుమాని టోపీ తీసి చేత్తో పట్టుకుని నా వెంట నడిచాడు.

ఆ పగలంతా ఊరు ఊరే నా చేలో ఉంది. గిన్నెలు, సొరకాయ బుర్రలు పట్టుకుని ఆడా మగా పురుగుల్ని ఏరారు. లామెకు ఎండలో గొంతు పోయేలా అరుస్తూ, "గుడ్డ కప్పండి! ఎండ తగలనివ్వకండి! పొద్దు వాలాకే చల్లాలి!" అని తిరిగాడు. వడకట్టడానికి ఒంటికి చుట్టుకునే నా ఖంగా గుడ్డ చింపి ఇచ్చాను, పెళ్ళినాటిది. అందరి చేలూ బతికాయని అనను. పురుగు అప్పటికే నల్లబడి దండు కట్టిన చేలు పోయాయి, అక్కడ ఏ గత్తరా పనిచేయలేదు. కానీ పిల్లపురుగుల మీద చల్లినవాళ్ళు గట్టెక్కారు. నాకు తొమ్మిది బస్తాలు వచ్చాయి. నవ్విన నాపచేనే పండిందని నా పెద్దది ఇప్పటికీ అంటుంది.

ఆ తర్వాత మేం మళ్ళీ మామూలే. అతను గోగోదానా, నేను ముసలోడా. థాంక్స్ అన్న మాట నేను అనలేదు. అంటే ఉతాని తెగిపోతుందని నా మూర్ఖత్వం. మేకల సంగతి అడిగిందీ లేదు, అతను చెప్పిందీ లేదు. వానలు మొదలైన ప్రతి ఏడూ పొద్దున్నే కంచె మీంచి, "ఏడు పడ్డాయే!" అని అరిచేవాడు, నేను "ఏడుగురు వెధవలు!" అని అరిచేదాన్ని. ఫోన్లు వచ్చాక అంకెని పరిశోధనా కేంద్రానికి మెసేజ్ పెట్టేవాడు, ఒక్క వేలితో, నాలుక బయటపెట్టి. నల్లబల్ల మీద రాయడం మాత్రం మానలేదు. పురుగు లేని ఏళ్ళలో కూడా కుండ కింద ఇసుక తడిపేవాడు. ఎంత బాగుండేవి ఆ పొద్దులు! అప్పుడు తెలియలేదు. కంచె అవతల మనిషి ఉన్నాడులే అనుకుని నిశ్చింతగా గంజి కాచుకున్నాను ఇన్నేళ్ళూ.

సరే, చావింటికి వస్తాను. మంచం మీద పడుకున్నానా, తలగడ కింద చెయ్యి పెడితే అట్ట చిరిగిన నోటుబుక్కులు తగిలాయి. ఒకటి లాగి, టోపీ నా తల మీద పెట్టుకుని, అతని గొంతుతో చదవడం మొదలుపెట్టాను. "సోమవారం, నాలుగు. వాన లేదు. మంగళవారం, ఆరు. వాన లేదు. దమారి తిట్టింది." జనం పగలబడి నవ్వుతున్నారు. ఇదీ అదీ తిప్పి మధ్యలో ఇంకో పేజీ తెరిచాను.

"శనివారం, పన్నెండు. చిన్న వాన. దమారి చేనుకి నీళ్ళు చల్లాను." అని దగ్గాను. అందరూ నవ్వారు. "చేను పోతే పొద్దుతిరుగుడు చేను, మేకలు రెండూ దమారివి. యుదిత తల్లికి చెప్పాను, ఒప్పుకుంది. ఆదివారం, తొమ్మిది. పురుగులు చావలేదు. సోమవారం, అయిదు. చావలేదు. పొద్దున్నే మేకల్ని దమారి గుమ్మంలో కట్టాను. తోలేసింది. ఇది ఉతాని కాదని ఆవిడకి ఎలా చెప్పాలో తెలియడం లేదు."

నా గొంతు నాది అయిపోయింది. ఆ పంక్తి మళ్ళీ చదివాను, పైకే. జనం ఇంకా గట్టిగా నవ్వారు. "ఎంత బాగా కల్పిస్తుందిరా ఈ గోగోది!" అంటున్నాడు ఆథుమాని, ముసలి కళ్ళు తుడుచుకుంటూ. యుదిత ఒక్కతే నవ్వలేదు. నేను టోపీ ముఖం మీదికి లాక్కున్నాను. అదీ అతని వేషమే అనుకుని చప్పట్లు కొట్టారు.

సమాధి చేసి వచ్చాక నా వస్తువు తీసుకునే వేళైంది. యుదిత కొత్త దుప్పటి, రేడియో తెచ్చి ముందు పెట్టింది. నేను వంటింట్లోకి వెళ్ళి నీళ్ళకుండ పక్కకి జరిపి, తడి ఇసుక తవ్వి, ఆ కంపు కుండని చంకన పెట్టుకుని బయటికొచ్చాను. ముక్కులు మూసుకుని మళ్ళీ నవ్వారు.

"అదెందుకత్తా?" అంది యుదిత.

"ఉతానివాళ్ళు తీసుకున్నది తిరిగి అడగకూడదు," అన్నాను.

మర్నాడు ఆరింటికి బకెట్టు దించి తెచ్చి, మా గచ్చు మీద బోర్లించి లెక్కపెట్టాను. నాలుగు. కంచె వైపు తిరిగి "నాలుగు పడ్డాయిరా ముసలోడా!" అని గట్టిగా అరిచాను. తర్వాత సుద్దముక్క తీసుకుని ఆఫీసు గోడ దగ్గరికి వెళ్ళి నాలుగు అని రాశాను. దాని కింద, "ఇది ఉతాని కాదు" అని రాశాను.